బొట్టు లేని పిలుపు

మధ్యాహ్నం పూట రాజమండ్రిలో ఒక కాలేజీ మేడ మీద గదిలో కూర్చుని నేను మాట్లాడుతుంటే, గోదావరి అవతల కొవ్వూరులో మా దొడ్డమ్మ వినేది. రెండు వేల సంవత్సరం దాటాక, ఆ దశాబ్దం చివర్లో నా బతుకులో జరిగిన మంచి సంగతి ఏదైనా ఉందంటే అదే. మాది పెద్ద రేడియో కాదు. ఊరివాళ్లు ఊరివాళ్ల కోసం నడుపుకునే చిన్న రేడియో. ఇటు ధవళేశ్వరం దాకా బాగానే వినపడేది. అటు రాజానగరం చేరేసరికి గొంతు గరగరలాడి ఆగిపోయేది. మేడలు అడ్డం వచ్చి ఆర్యాపురంలోనే రెండు వీధులకి మా మాట అందేది కాదు. నీళ్ల మీద మాత్రం అడ్డేముంది? కొవ్వూరు రేవు దాకా హాయిగా వెళ్లిపోయేది. పక్క వీధికి చేరని గొంతు నది దాటేదని తల్చుకుంటే నాకిప్పటికీ నవ్వూ వస్తుంది, దిగులూ వస్తుంది.

దొడ్డమ్మ అంటే అమ్మకి స్వయానా అక్క. పెళ్లయిన కొద్దికాలానికే భర్త పోయారు. పిల్లల్లేరు. ఎలిమెంటరీ స్కూల్లో టీచరు ఉద్యోగం చేసుకుంటూ గోష్పాదం రేవుకి దగ్గర్లో రెండు గదుల వాటాలో ఒక్కర్తే ఉండేది. నా చిన్నతనంలో శనివారం బడి విడవగానే నాన్న నన్ను బస్సులో వంతెన దాటించి ఆవిడ దగ్గర దింపి వచ్చేవారు. నాకు చదవడం నేర్పింది ఆవిడే. నాలో నేను చదువుకుంటే ఒప్పుకునేది కాదు. "పైకి చదవవే, నాకూ వినపడాలిగా" అనేది. ఆవిడ రోట్లో పప్పు రుబ్బుతూ ఉండేది, నేను గడప మీద కూర్చుని చదివేదాన్ని. ఎక్కడైనా ఒత్తు సరిగ్గా పలక్కపోతే రుబ్బడం ఆగిపోయేది. నేను వెనక్కి వెళ్లి మళ్లీ చదివితే పొత్రం మళ్లీ తిరిగేది.

మా ఇంట్లో ఏ శుభకార్యం జరిగినా దొడ్డమ్మ మర్నాడు వచ్చేది. తమ్ముడి ఒడుగైనా, అమ్మ నోములైనా, ఏటా చేసుకునే సత్యనారాయణ వ్రతమైనా అంతే. పందిరి గుంజలు పీకుతూ ఉండగా, మిగిలిన బూరెలు గట్టిపడ్డాక, చేతిలో సంచీతో గేటు తీసుకుని వచ్చేది. నాకు మాత్రం అసలు పండగ ఆ మర్నాడే. జనం ఉండరు, దొడ్డమ్మ మొత్తం నాదే. పదేళ్ల వయసులో ఒకసారి అడిగాను, నిన్ననే రావచ్చుగా అని. "బడికి సెలవివ్వలేదే" అంది. నిన్న ఆదివారం. నా పెళ్లికి కూడా ఆవిడ మర్నాడే వచ్చింది. అప్పటికి నేను అత్తారింటికి వెళ్లిపోయాను. ఖాళీ పందిట్లో అమ్మతో కలిసి గిన్నెలు సర్ది వెళ్లిందట.

భర్త లేని మనిషి శుభకార్యంలో ఎదురు రాకూడదని మా ఇంట్లో ఎవరూ ఎప్పుడూ అనలేదు. అనాల్సిన అవసరం ఎవరికీ రాలేదు, ఆవిడే రాలేదు కాబట్టి. స్కూలుకి వెళ్లేటప్పుడు చిన్న నల్ల స్టిక్కరు పెట్టుకునేది. మా ఇంటికి బయల్దేరేటప్పుడు మాత్రం దాన్ని తీసి అద్దానికి అంటించేది. ఆ అద్దం మీద వరసగా స్టిక్కర్లు చూసి నేను చిన్నప్పుడు అది అలంకారం అనుకున్నాను.

పెళ్లయ్యాక మా కాపురం రాజమండ్రిలోనే, దానవాయిపేటలో. మా వారు ఆఫీసుకీ, అమ్మాయి స్కూలుకీ వెళ్లాక మధ్యాహ్నాలు నాకు ఖాళీ. కాలేజీ వాళ్లు కొత్తగా రేడియో పెట్టారని, చదవడం వచ్చిన ఇల్లాళ్లు కావాలంటున్నారని తెలిసి వెళ్లాను. ఆ రేడియోకి పెద్ద, ఫిజిక్సు చెప్పి రిటైరైన ఒక మాస్టారు. ఆయన నా చేతికి ఒక కాగితం ఇచ్చి చదవమన్నారు. కుళాయి నీళ్ల వేళలు, కరెంటు కోతలు. నేను చదివాను. "ఎవరమ్మా మీకు చదువు చెప్పింది?" అని అడిగారు. మా దొడ్డమ్మండి అన్నాను. "అయితే రేపట్నించి రండి" అన్నారు.

మాస్టారికి ఒకటే భయం, ప్రభుత్వం లైసెన్సు లాగేసుకుంటుందని. మేం వార్తలు చదవకూడదు, అది రూలు. అందుకని గోదావరికి వరదొస్తే, అది వార్తా, వాతావరణమా అని గంటసేపు మాలో మాకే వాదన. చివరికి నీటిమట్టం చెప్పొచ్చు, కలెక్టరు ఏమన్నారో చెప్పకూడదు అని తేల్చారు. మిగతావన్నీ మా ఇష్టం. రైతుబజారులో వంకాయలెంత, ఏ వార్డులో పోలియో చుక్కలు, ఆటోలో ఎవరి క్యారేజీ మర్చిపోయారు, పరీక్షలు దగ్గరపడ్డాయి కాబట్టి మైకులు తగ్గించండి, ఇవీ మా సంగతులు. పెద్ద రేడియోలో ఢిల్లీ పేరు, హైదరాబాదు పేరు వినీ వినీ అలవాటు పడ్డ జనానికి "ఇన్నీసుపేట పాల డిపో పక్క సందు" అని రేడియోలో వినపడేసరికి ఒళ్లు పులకరించింది. ఒకాయన ఫోను చేసి, "మా వీధిలో చెప్పుకోడానికి ఏం లేదండి, ఊరికే పేరొక్కసారి చదవండి చాలు" అని బతిమాలాడు. చదివాను. ఆ వీధి వీధంతా విన్నారని తర్వాత తెలిసింది.

దొడ్డమ్మ ఇంట్లో పాత రేడియో ఉండేది గానీ దాంట్లో ఎఫ్ఎం రాదు. నేను చిన్న ఎఫ్ఎం సెట్టు కొనుక్కుని వెళ్లి నది వైపు కిటికీ గూట్లో పెట్టాను. అటూ ఇటూ తిప్పి చూస్తే అక్కడే స్పష్టంగా పలికింది. అప్పటికి ఆవిడా రిటైరయింది. రోజూ నా కార్యక్రమం అయిపోయి ఇంటికి వచ్చేసరికి ఫోను మోగేది. "ఇవాళ నీకు జలుబు చేసింది. మిరియాల కషాయం పెట్టుకో." "చివర్లో ఎందుకే అంత పరుగు? బస్సు తప్పిపోతోందా?" "బాగా చదివావు" అని ఒక్కనాడూ అనలేదు. ఏ తప్పూ దొరకని రోజున మాత్రం, "ఊఁ, విన్నాను" అనేది. ఆ ఊఁ కోసం నేనెంత కష్టపడ్డానో మా మాస్టారికి కూడా తెలీదు.

ఇలా ఉండగా ఒక శ్రావణ మాసంలో కాలేజీ వెనక వీధి నుంచి ఒకాయన మేడెక్కి వచ్చాడు. వాళ్లావిడకి మెట్ల మీద కాలు మడతపడి కట్టు కట్టారట. శుక్రవారం పేరంటానికి పిలవడానికి ఇంట్లో వేరే ఆడదిక్కు లేదు. "నేను వెళ్లి బొట్టు పెట్టలేను కదండి" అన్నాడు పాపం, తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ. రేడియోలో ఒక్క ముక్క చెప్పి పుణ్యం కట్టుకోమన్నాడు.

మా వైపు పిలుపంటే ఆషామాషీ వ్యవహారం కాదు. ఇల్లాలు కుంకుమ భరిణె పట్టుకుని గుమ్మం గుమ్మానికీ వెళ్లాలి. బొట్టు పెట్టాలి. ఎప్పుడో ఎందుకో చెప్పి తప్పకుండా రావాలనాలి. పిల్లల్ని పంపిస్తే చిన్నచూపు, ఫోను చేస్తే అవమానం, వీధిలో కనపడినప్పుడు చెబితే అది అసలు పిలుపే కాదు. అలాంటి ఊళ్లో నేను మైకు ముందు కూర్చుని, మహా ఉత్సాహంగా, "ఈ వీధిలోని ఆడవాళ్లందరూ శుక్రవారం సాయంత్రం పేరంటానికి రావాలని కోరుతున్నారు" అని చదివేశాను.

ఆ పేరంటం చూడాలని శుక్రవారం నేనూ వెళ్లాను. సగం మంది రాలేదు. రేడియోలో పిలిస్తే వెళ్లిపోవడానికి మేమేం దిక్కూ మొక్కూ లేనివాళ్లమా అన్నారట. వచ్చిన సగంలో వీధి చివర కొడుకు దగ్గర ఉండే ఒక పెద్దావిడ ఉంది. ఇస్త్రీ చేసిన వెంకటగిరి చీర కట్టుకుని, చేతిలో పువ్వుల పొట్లంతో వచ్చి చాప మీద కూర్చుంది. ఆవిడ మెడలో సూత్రాలు లేవు. మాటలు ఆగిపోయాయి. ఆవిడ అందరి వంకా చూసి నవ్వి, "రేడియోలో అందరూ అన్నారు కదమ్మా, నన్నూ అన్నట్టే అనుకున్నాను" అంది. ఇల్లాలు కుర్చీలో కూర్చునే ఒక్కొక్కరికీ పసుపూ కుంకుమా అందిస్తోంది. చెయ్యి ఆ పెద్దావిడకి ఇవతల మనిషి దగ్గర ఆగి, అవతల మనిషి దగ్గర మళ్లీ మొదలైంది. వెళ్లేటప్పుడు శనగలు మాత్రం కవర్లో వేసి ఇచ్చారు. ఆవిడ అవి తీసుకుని "వస్తానమ్మా" అని అందరికీ చెప్పి మరీ వెళ్లింది. నాకు మా దొడ్డమ్మ కళ్లముందు మెదిలింది. నా శనగలు అలాగే ఇంటికి పట్టుకొచ్చాను.

మర్నాడు ఆ ఇంటాయన మళ్లీ మేడెక్కాడు. ఈసారి కోపంగా. "అందరూ అంటే అందరూనా అండి?" అన్నాడు. మాస్టారు ఆయన్ని కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చి పంపించి, నాకు కొత్త నియమం చెప్పారు. ముందు పిలుపు ఎవరికి వారే బొట్టు పెట్టి పిలుచుకోవాలి. వేళ దగ్గరపడ్డాక గుర్తు చేసే రెండో పిలుపు మాత్రమే రేడియోది. "బొట్టు వాళ్లు పెట్టుకుంటారు, గుర్తు మనం చేస్తాం. ఇక గొడవుండదు" అన్నారు. గొడవ నిజంగానే లేకుండా పోయింది. "బొట్టు పెట్టి పిలిచిన వారందరికీ మరోసారి గుర్తు చేస్తున్నాం" అని మొదలుపెట్టి రోజూ పిలుపులు చదివేదాన్ని. దానికొచ్చినంత ఆదరణ మా ఆరోగ్య కార్యక్రమానికీ రాలేదు, మాస్టారు స్వయంగా చెప్పిన గ్రహణాల పాఠానికీ రాలేదు. ఊళ్లో ఎవరింట్లో సీమంతం, ఎవరింట్లో అన్నప్రాశన, అన్నీ నా నోటిమీదుగానే వెళ్లేవి. చదివినప్పుడల్లా ఆ మొదటి ముక్క నాకు పంటికింద రాయిలా తగిలేది.

దొడ్డమ్మకి మాత్రం ఆ పిలుపులంటే ఎంతో సరదా. "కొవ్వూర్లో కూర్చుని రాజమండ్రి పేరంటాలన్నీ తిరిగేస్తున్నానే. నిన్న తాడితోటలో సీమంతం ఎలా జరిగిందో ఏంటో" అనేది. నేను ఒకసారి ఉండబట్టలేక, "నిన్ను ఎవరూ పిలవలేదుగా దొడ్డమ్మా" అన్నాను. "వినడానికి పిలుపెందుకే?" అంది.

మా అమ్మాయికి ఓణీలు వేయాల్సిన ఏడాది వచ్చింది. ముహూర్తం పెట్టిన రోజునే నేను మనసులో ఒకటి గట్టిగా అనుకున్నాను. దొడ్డమ్మ ఆ రోజున రావాలి. మర్నాడు కాదు. నా కూతురి నెత్తిన మొదటి అక్షింతలు నాకు చదువు చెప్పిన చెయ్యి వెయ్యాలి. వెళ్లి పిలిచాను. నవ్వేసి, "మర్నాడు వస్తాలేవే, తీరిగ్గా మాట్లాడుకోవచ్చు" అంది. కాళ్లకి దణ్ణం పెట్టి అడిగినా అదే మాట. నువ్వు వెళ్లి పిలువమ్మా అని అమ్మని పోరాను. అమ్మ ఒప్పుకోలేదు. "అది రాదే. రాదని తెలిసీ పిలవడం దాన్ని బాధపెట్టడం కాదూ?" అంది. అమ్మకి అక్కంటే ప్రాణం. ఆ ప్రాణం ఆవిడని జాగ్రత్తగా దూరంగానే ఉంచింది.

ఇక నాకు మిగిలింది మైకు ఒక్కటే. ఒక మనిషి అడిగితే కాదనడం తేలిక, ఊరు ఊరంతా వింటుండగా అడిగితే కాదనలేదేమో అనిపించింది. మాస్టారితో చెప్పాను, మా ఇంటి పిలుపుకి ఆ మొదటి ముక్క తీసేస్తానని. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని, మళ్లీ తీశారు. "మీ ఇంటి పిలుపు మీ ఇష్టమమ్మా. కాకపోతే తర్వాత వచ్చే ఫోన్లు మీరే ఎత్తాలి" అన్నారు.

ముందు రోజు మధ్యాహ్నం అందరి పిలుపులూ చదివాక, చివర్లో మాది చదివాను. "రేపు ఉదయం దానవాయిపేటలో మా ఇంట్లో మా అమ్మాయికి ఓణీలు వేస్తున్నాం. దీవించడానికి పెద్దవాళ్లు కావాలి. బొట్టు పెట్టి పిలిచిన వాళ్లూ, పిలవని వాళ్లూ, బొట్టు పెట్టుకునే వాళ్లూ, పెట్టుకోని వాళ్లూ, ఈ ఒడ్డున ఉన్నవాళ్లూ, ఆ ఒడ్డున ఉన్నవాళ్లూ అందరూ రండి. అందరూ అంటే అందరూ." ఫోన్లు మొదలయ్యాయి. ఒకావిడ, "ఇంట్లో పెద్దవాళ్లు లేరా అమ్మా మీకు?" అని అడిగింది. ఒకావిడ ఏమీ అనకుండా ఏడ్చి పెట్టేసింది. దొడ్డమ్మ మాత్రం ఆ రోజు ఫోను చెయ్యలేదు. రాత్రి అన్నం ముందు కూర్చున్నానే గానీ చెవి ఫోను మీదే ఉంది.

మర్నాడు ఉదయం పందిట్లో జనం నిండారు. మొదటి వరసలో కాలేజీ వెనక వీధి చివరి పెద్దావిడ, అదే వెంకటగిరి చీరలో, తల ఎత్తుకుని కూర్చుంది. ఆవిడ పక్కన నాకు మొహాలు తెలియని మరి కొందరున్నారు. రేడియో పిలిచిన మనుషుల్ని లెమ్మనడానికి ఎవరికీ నోరు రాలేదు. నేను అమ్మాయి పక్కన పీటల దగ్గర ఉన్నాను. అమ్మ గేటు దగ్గర కుంకుమ భరిణె పట్టుకుని వచ్చినవాళ్లకి బొట్టు పెడుతోంది, నాన్న మగవాళ్లకి పన్నీరు చల్లుతున్నారు. ఆ సమయంలో రిక్షా ఆగింది. దొడ్డమ్మ దిగింది.

పట్టుచీర. నేనెప్పుడూ చూడని పట్టుచీర, మడతలు కూడా సరిగ్గా విప్పుకోని పట్టుచీర కట్టుకుని, గేటు చువ్వ పట్టుకుని నిలబడింది. అమ్మ చూసింది. అమ్మ మొహం దీపంలా వెలిగింది, ఆ మాట అబద్ధం కాదు. భరిణె నాన్న చేతికిచ్చి రెండు చేతులా అక్కని పట్టుకుంది. "అక్కా, వచ్చావా! ఎంత మంచిపని చేశావే!" అంటూ కళ్లనీళ్లు పెట్టుకుంది. ఆ వెంటనే భుజం చుట్టూ చెయ్యి వేసి, "రా రా, ఇక్కడంతా జనం, ఉక్కపోత. వంటింట్లో గాలొస్తుంది, హాయిగా కూర్చుందువుగాని" అంటూ, పందిట్లోంచి కాదు, ఇంటి పక్క సందులోంచి వెనక్కి తీసుకుపోయింది.

నేను లేవలేకపోయాను. పురోహితుడు మంత్రం మధ్యలో ఉన్నాడు, అమ్మాయి చెయ్యి నా చేతిలో ఉంది. మొదటి అక్షింతలు ఎవరో వేశారు. హారతి పాడుతున్నంతసేపూ నాకు సందు గోడ తప్ప ఇంకేమీ కనిపించలేదు. అన్నీ అయ్యాక అమ్మాయిని వెంటబెట్టుకుని వంటింట్లోకి పరిగెత్తాను. దొడ్డమ్మ పీట మీద కూర్చుని తాంబూలాలు కడుతోంది. పట్టుచీర కొంగు నడుంలో దోపుకుంది. అక్షింతలు చేతిలో పెడితే అటూ ఇటూ చూసి, "ఆ తలుపు దగ్గరగా వెయ్యవే" అంది. తలుపు వేశాక మా అమ్మాయి నెత్తిన వేసి, చాలాసేపు చెయ్యి తియ్యలేదు. భోజనం చేసి, ఎవరి మీదా అలక్కుండా, సాయంత్రం బస్సుకి వెళ్లిపోయింది.

అమ్మ మీద నాకు ఒళ్లు మండిపోయింది. అడిగేశాను. అమ్మ తెల్లబోయింది. "నేనేమన్నానే? కూర్చోమనేగా అన్నాను. ఎవరైనా ఒక మాటంటే అది తట్టుకోలేదే, అందుకే లోపల కూర్చోబెట్టాను" అంది. ఎవరూ ఏమీ అనకముందే నువ్వే అనేశావుగా అన్నాను. అమ్మకి అర్థం కాలేదు. ఊళ్లో ఎవరెవరో ఇంటి ఆడవాళ్లు మొదటి వరసలో కూర్చుని వెళ్లారు. నేను ఎవరి కోసం ఊరంతా పిలిచానో ఆవిడ వంటింట్లో తాంబూలాలు కట్టి వెళ్లింది. రేడియో నది దాటించింది గానీ మా గుమ్మం దాటించలేకపోయిందని కొన్నాళ్లు మైకు ముందు కూర్చోబుద్ధి కాలేదు.

ఆ తర్వాతి చలికాలంలో నాన్న పోయారు. ఆయన పోయిన దుఃఖం వేరు, దాన్ని ఇక్కడ రాయను. మళ్లీ శ్రావణం వచ్చింది. ఒక సాయంత్రం నేను అమ్మ దగ్గరికి వెళ్తే, వరండాలో కుర్చీలో పేపరు పట్టుకుని కూర్చుని ఉంది. ఎదురింటావిడ భరిణె పట్టుకుని వచ్చింది. పాతికేళ్ల స్నేహం వాళ్లది. గేటు బయటే నిలబడి మా మరదల్ని పేరు పెట్టి పిలిచి, బొట్టు పెట్టి, పేరంటానికి రమ్మని చెప్పి, అమ్మ వైపు చూసి, "కులాసాయేనా పిన్నిగారూ" అని వెళ్లిపోయింది. "కులాసాయేనమ్మా" అంది అమ్మ. పేపరు మొహానికి అడ్డంగా పైకి లేచింది. చాలాసేపు పేజీ తిరగలేదు.

అప్పట్నించి అమ్మ కొవ్వూరు వెళ్లి రోజుల తరబడి ఉండిపోవడం మొదలుపెట్టింది. ఏంటమ్మా అంటే, "అక్కడ గాలి బాగుంటుందే" అనేది.

ఆ ఇద్దరూ ఇప్పుడు లేరు. ఆ వాటా పడగొట్టి మేడ కట్టారు. మాస్టారూ వెళ్లిపోయారు, రేడియో చేతులు మారింది. ఇప్పటికీ పుష్కరాల రేవులో కూర్చుంటే అవతల ఒడ్డున దీపాల్లో ఆ కిటికీ ఎక్కడుండేదో వెతుకుతాను. ఇంటికి వచ్చాక ఫోను మోగి, ఇవాళ నీకు జలుబు చేసిందని ఎవరైనా అంటే బాగుండునని ఎంత ఉంటుందో చెప్పలేను. ఇంతమందికి వినపడిన గొంతు నాది. వినాల్సినవాళ్లు లేకపోతే గొంతు ఉండి ఏం లాభం అనిపిస్తుంది.

కానీ ఒక మధ్యాహ్నం మాత్రం నా దగ్గర భద్రంగా ఉంది. అమ్మని తీసుకురావడానికి కొవ్వూరు వెళ్లాను. ఆ రోజు నాకు రేడియోలో సెలవు. వెళ్లేసరికి అక్కాచెల్లెళ్లిద్దరూ కిటికీ దగ్గర చాప వేసుకుని గోరుచిక్కుళ్లు తుంచుతున్నారు. గూట్లో రేడియో మోగుతోంది. నా బదులు కొత్తగా చేరిన అమ్మాయి పిలుపుల కార్యక్రమం మొదలుపెట్టింది. "బొట్టు పెట్టి పిలిచిన వారందరికీ మరోసారి గుర్తు చేస్తున్నాం..."

దొడ్డమ్మ చటుక్కున అమ్మ మొహంలోకి చూసి, రేడియో కట్టెయ్యడానికి చెయ్యి చాపింది. అమ్మ ఆ చెయ్యి పట్టుకుంది.

"ఉండనీ అక్కా. విందాం."

ముగ్గురం విన్నాం. ఎవరింట్లోనో గృహప్రవేశం, ఎవరింట్లోనో నోము. ఆ అమ్మాయి బాగానే చదివింది. అమ్మ కాయలు తుంచడం ఆపేసింది.

"ఆ రోజు నిన్ను వంటింట్లో కూర్చోబెట్టాను కదక్కా" అంది.

దొడ్డమ్మ అమ్మ ఒళ్లోంచి కాయలు తన ఒళ్లోకి తీసుకుంది.

"అన్నీ వినపడ్డాయిలేవే అక్కడికి" అంది. "హారతి కూడా వినపడింది."